ఎడమ చెయ్యి లేని చొక్కా

పొద్దున్న ఏడింటికి సైటు గేటు తీసేసరికే స్టోరక్క రేకుల షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని ఉంటుంది. ఒక పక్కన టీ గ్లాసు, ఇంకో పక్కన నోటుబుక్కు, ముందు బల్ల మీద చుట్టలు చుట్టిన కేబుళ్ళు. ఒక్కొక్క చుట్టా విప్పి, ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి మిషను దాకా కేబులంతా కుడి పిడికిట్లోంచి మెల్లగా లాగుతుంది. ఎక్కడైనా గరుకు తగిలినా, మెత్తగా అనిపించినా ఆగి కళ్ళజోడు సర్దుకుని చూస్తుంది. ప్లగ్గుకి మూడు పిన్నులూ ఉన్నాయో లేదో లెక్కపెడుతుంది. అంతా అయ్యాకే డ్రిల్లు మిషనైనా, టైల్సు కోసే కట్టరైనా షెడ్డు గడప దాటేది. వరసలో నిలబడ్డ పాతికమంది గొణుగుతూనే ఉంటారు. ఆ గొణుగుడు ఆవిడ చెవికెక్కదు.

ఆవిడ వేసుకునేది మగవాళ్ళ చొక్కా. పోయిన భర్తది, బూడిదరంగుది. కుడిచేతికి మణికట్టు దాకా గుండీ పెట్టుకుంటుంది. చొక్కా ఎడమ చెయ్యి మాత్రం భుజం దగ్గరికంటా కత్తిరించేసి ఉంటుంది. ఆ చెయ్యి నలుగురికీ కనబడాలి మరి. సైటులో ఏ కేబులుకి దెబ్బ తగిలినా ఆ దెబ్బ స్టోరక్క ఎడమచేతి మీదకి వస్తుంది.

పైతొడుగు గీరుకుపోతే సన్నటి ఎర్రగీత. లోపలి వైరు బయటపడితే కమిలిన మచ్చ. మణికట్టు దగ్గర కనిపిస్తే ప్లగ్గు వైపు దెబ్బ, మోచేతి దగ్గరైతే మిషను వైపు. కేబులు బాగుచేసినా, పనికిరాదని అవతల పారేసినా గంటలో మచ్చ మాయమైపోతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి హెల్మెట్లు ఎక్కడుంటాయో, తాగే నీళ్ళ డ్రమ్ము ఎక్కడుందో చూపించి, ఆ తర్వాత అక్క చెయ్యి చూపిస్తారు. ఒకసారి కంపెనీ డాక్టరు వచ్చి అందరికీ బీపీ చూసి, ఆవిడ చెయ్యి కూడా అటూ ఇటూ తిప్పి, “నాలుగో అంతస్తు డ్రిల్లుదిలా ఉంది, చూసుకోండి” అని కాగితం మీద రాసిచ్చి వెళ్ళాడు.

“లోకంలో అందరూ తమ చెయ్యి చూపించుకుని జాతకం తెలుసుకుంటారు. మేం మాత్రం నీ చెయ్యి చూసి మా జాతకం తెలుసుకుంటాం” అంటాడు టైల్సు పెద్దాయన రోజూ వరసలో ముందు నిలబడి. రోజూ అదే మాట, రోజూ తనే నవ్వుకుంటాడు.

మొదటి గీత తొమ్మిదేళ్ళ కిందట వచ్చింది. అంతకు నెలరోజుల ముందు ఇంకో సైటులో, వాననీళ్ళలో పడి ఉన్న కేబులు వల్ల ఆవిడ భర్త డ్రిల్లు మిషను పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే పోయాడు. అప్పుడు ఆవిడ అక్కడే ఇసుక జల్లిస్తోంది. పరిగెత్తుకెళ్ళి ఆయన్ని పట్టుకోబోతే ఇద్దరు మనుషులు నడుం పట్టుకుని ఆపేశారు. ఆపకపోతే ఆవిడ కూడా పోయేది. తెలిసినా, ఆ ఇద్దరినీ ఆవిడ చాలాకాలం క్షమించలేకపోయింది.

కాబట్టి కేబుళ్ళ దగ్గర ఆవిడకి మొహమాటం లేదు. పనికిరాదని తేలిన కేబులు ప్లగ్గుని చెక్కదిమ్మ మీద పెట్టి గొడ్డలితో ఒక్క వేటు వేస్తుంది. “తల తీసేశాం, ఇంక కాటెయ్యదు” అని తలా మొండెమూ తీసుకెళ్ళి షెడ్డు వెనక నీలం పట్టా కింద తుక్కులో పడేస్తుంది. ఆ గొడ్డలి వేటు దగ్గరే అల్లుడితో చెడింది.

అల్లుడు పాలిష్ మేస్త్రీ. కింద నలుగురు మనుషులు, సొంత మిషను, ఆ మిషనుకి సైటులో ఎవరికీ లేనంత పొడుగు కేబులు. పనిమంతుడు. వాడు పాలిష్ పెట్టిన నేలలో మొహం చూసి తల దువ్వుకోవచ్చని పేరు. పద్దెనిమిది రోజుల కిందట ఆ కేబులు మీంచి సిమెంటు బస్తాల తోపుడుబండి వెళ్ళింది. స్టోరక్క మోచేతికి నాలుగు వేళ్ళ కింద నెలవంకలాంటి మచ్చ పడింది, పక్కనే రెండు చుక్కలు. తొడుగు చీల్చి చూస్తే లోపల ఎర్తు వైరు తెగిపోయి ఉంది. ఆవిడ ప్లగ్గుని చెక్కదిమ్మ మీద పెట్టింది. వాడి మనుషులు నలుగురూ, ఇంకో పాతికమందీ చూస్తుండగా గొడ్డలి ఎత్తింది.

“ఇంటి దగ్గర చెప్పొచ్చుగా అత్తయ్యా. ఇంతమందిలో ఎందుకు?” అన్నాడు అల్లుడు మెల్లగా.

“కరెంటుకి ఇల్లూ సైటూ అని తేడా ఉందా?” అని ఒక్క వేటు వేసింది.

వాడికి తలకొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి మిషను తెచ్చి స్టోరులో పెట్టడం మానేశాడు. కింద సెల్లారులోనే పెట్టుకుని, ఎవరిదో పాత పొట్టి కేబులు బిగించుకుని పని నడిపిస్తున్నాడు. అత్తగారితో మాట్లాడటం కూడా మానేశాడు.

ఇల్లు చూస్తే రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషనూ కూతురూ, వెనక గదిలో వంట. అంత ఇంట్లో ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా బతకాలంటే చాలా కష్టపడాలి, వాళ్ళిద్దరూ ఆ కష్టం పడుతున్నారు. “మీ అమ్మగారిని ఆ తువ్వాలు ఇలా ఇమ్మను” అంటాడు అల్లుడు, తువ్వాలు ఆవిడ భుజం మీదే ఉన్నా. “మీ ఆయన్ని అన్నానికి రమ్మను” అంటుంది ఆవిడ, వాడు ఎదురుగా పీట మీద కూర్చునే ఉన్నా.

“మీ ఇద్దరి మధ్యా నేను ఎక్స్‌టెన్షన్ బోర్డునైపోయాను” అంది కూతురు పద్దెనిమిదో రోజు పొద్దున్న, తల్లికి టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ. “పెద్దదానివి. నువ్వే ఒక మెట్టు దిగి పలకరిస్తే ఏం పోతుందమ్మా?”

“తప్పు చేసింది నేనా? వాడి ప్రాణం కోసం కాదూ చేసింది?”

“తప్పని ఎవరన్నారు? గొడ్డలి కొంచెం పెద్దదైందన్నాను.”

స్టోరక్క విననట్టే చెప్పులేసుకుంది. కానీ ఆ మాట దారి పొడుగునా ఆవిడ వెంటే నడిచింది.

పదిన్నర దాటాక నోటుబుక్కులో రాసుకుంటుంటే ఎడమచేతి మీద చురుక్కుమంది. చూస్తే మోచేతి దగ్గర మచ్చ. గీత కాదు, మచ్చ. చుట్టూ ఎర్రగా పొంగి ఉంది. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, షెడ్డుకి గొళ్ళెం పెట్టి బయల్దేరింది. పొద్దున్న పదకొండు కేబుళ్ళు వెళ్ళాయి. అన్నీ తన పిడికిట్లోంచి లాగి పంపించినవే. మూడు గంటల్లో ఏదో ఒకదాని మీంచి బండి వెళ్ళి ఉంటుంది, లేకపోతే ఇనప తలుపు సందులో నలిగి ఉంటుంది.

నాలుగో అంతస్తులో రెండు డ్రిల్లులు. రెండూ ఆపించి, కేబుళ్ళు చేతిలోంచి లాగి చూసింది. బాగానే ఉన్నాయి. మూడో అంతస్తులో గోడలు గీసే మిషను బాగానే ఉంది. రెండో అంతస్తులో వెల్డింగువాడు ఆవిడ చెయ్యి చూడగానే చెప్పకుండానే స్విచ్చు కట్టేసి పక్కకి జరిగాడు. అదీ బాగానే ఉంది. మెట్లు ఎక్కీ దిగీ ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. మచ్చ మాత్రం తగ్గడం లేదు, పెరుగుతోంది. ఇందాక చురుక్కుమన్నది ఇప్పుడు కాలుతోంది. ఇన్నేళ్ళలో ఏ మచ్చా ఇంత వేడిగా ఉండలేదు.

చివరికి మొదటి అంతస్తులో టైల్సు పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి పదకొండో కేబులు కూడా అయిపోయింది.

“అన్నీ బాగున్నాయి బాబాయ్. మరి ఇదెక్కడిది?” అంది ఆయాసపడుతూ.

పెద్దాయన కట్టరు కింద పెట్టి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఆ పూట జాతకం మాట ఎత్తలేదు. మచ్చకి దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు.

“అమ్మాయ్, ఇది కొత్తది కాదు. నెలవంక, పక్కన రెండు చుక్కలు. దీన్ని నేనెప్పుడో చూశాను. ఆ రోజు నువ్వు గొడ్డలి...” అని ఆగిపోయాడు.

స్టోరక్క అప్పటికే వెనక్కి తిరిగింది. మెట్లు ఎలా దిగిందో తెలియదు. షెడ్డు వెనక్కి వెళ్ళి నీలం పట్టా లాగేసింది. విరిగిన తాపీలు, తుప్పుపట్టిన బ్లేళ్ళు, వాటి మధ్య ఆ రోజు ఆవిడ నరికిన ప్లగ్గు మూడు పిన్నులూ పైకి పెట్టి పడి ఉంది. కేబులు లేదు. పారేసి పద్దెనిమిది రోజులైన కేబుల్లో మళ్ళీ కరెంటు పారుతోంది.

సెల్లారులోకి దిగే వాలుదారి మొదట్లో సూపర్‌వైజరు ఫోను చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయన ఏ మాట మొదలుపెట్టినా అర్జంటు అనే మొదలుపెడతాడు కాబట్టి సైటులో ఆయన పేరే అర్జంటుగారు. ఎదురుగా మాత్రం సార్ అంటారు.

“అర్జంటుగా ఏమిటక్కా ఆ పరుగు?”

“సార్, పాలిష్ ఎక్కడ జరుగుతోంది?”

“చివరి మూల. ఆ ఒక్క మూలే మిగిలింది. రేపు పొద్దున్న ఫ్లాట్లవాళ్ళు కార్లు పెట్టుకోడానికొస్తారు. ఆ మూల దాకా మీవాడి కేబులు అందట్లేదంటే ఎలాగోలా చూసుకోవయ్యా అన్నాను. చూసుకున్నాడు, మంచివాడు.”

ఆవిడ ఎడమ చెయ్యి ముందుకు చాపింది. అర్జంటుగారు చూశాడు. మొహంలో రంగు మారింది.

“ఎక్కడైనా కరెంటు కారితే ట్రిప్ స్విచ్చు పడిపోవాలిగా సార్. అది పనిచేస్తోందా?” అంది ఆవిడ.

అర్జంటుగారు ఫోను జేబులో పెట్టుకున్నాడు. “అదీ... ఇందాకట్నుంచీ మాటిమాటికీ పడిపోతోందక్కా. పది నిమిషాలకోసారి పైకెత్తాల్సొస్తోంది. ఇలాగైతే పని సాగదని దాన్ని తప్పించి డైరెక్టు ఇప్పించాను. ఆ డబ్బా పాడైపోయినట్టుంది.”

“అది పడిపోవడమే దాని పని సార్!” అని అరిచింది స్టోరక్క. తొమ్మిదేళ్ళలో సూపర్‌వైజరు మీద గొంతెత్తడం అదే మొదలు. “మెయిన్ ఆపండి! పరిగెత్తండి!”

మెయిన్ గది సైటుకి ఆ చివరన, గేటు పక్కన ఉంది. అర్జంటుగారు జేబులో తాళంచెవులు వెతుక్కుంటూ అటు పరిగెత్తాడు. ఆవిడ ఇటు వాలుదారి దిగింది.

సెల్లారు నిండా మిషను రొద. అక్కడక్కడా వేలాడే బల్బులు. వాలుదారి దిగిన చోట నేల పొడిగానే ఉంది, నాలుగు స్తంభాలు దాటాక తడి, ఆ పైన పాలిష్ బురద తెల్లగా చీలమండ దాకా నిలిచి ఉంది. మనుషులు నలుగురూ టీకి పైకెళ్ళినట్టున్నారు. చివరి మూలలో అల్లుడొక్కడే, ఇటు వీపు పెట్టి, రెండు చేతులతో మిషను హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“అల్లుడూ!”

వాడు తిరగలేదు.

“అల్లుడూ, నిన్నే! వదిలెయ్ దాన్ని!”

ఉలుకూ పలుకూ లేదు. వీపు మీద చొక్కా కూడా కదల్లేదు.

ఆవిడకి చెప్పలేనంత అవమానమనిపించింది. పద్దెనిమిది రోజుల తర్వాత ఒక మెట్టు కాదు, నాలుగు అంతస్తుల మెట్లు దిగి వచ్చి పిలిస్తే ఇంత మొండితనమా? చచ్చినా పలకనని ఒట్టు పెట్టుకున్నాడా? ఎలాగూ అర్జంటుగారు మెయిన్ ఆపుతాడు, అదే ఆగుతుంది, నాకెందుకు అనుకుంది. వెనక్కి తిరిగి ఒక అడుగు వేసింది.

అప్పుడు ఆవిడ ఎడమచెయ్యి దానంతటదే ముడుచుకుపోయింది.

వేళ్ళు అరచేతిలోకి దిగబడిపోయాయి. కుడిచేత్తో విప్పబోయింది, రాలేదు. పిడికిలి రాయిలా బిగుసుకుంది. చేతి మీద గీతలొచ్చాయి, మచ్చలొచ్చాయి గాని, ఇలా ఎన్నడూ కాలేదు. ఆవిడ గిరుక్కున తిరిగి అల్లుడి వైపు చూసింది. మిషను తిరుగుతూనే ఉంది, కానీ ఒక్కచోటే తిరుగుతోంది. పాలిష్ మిషను ఒక్కచోట నిలపకూడదు, మనిషి అటూ ఇటూ ఊగుతూ ఉండాలి, లేకపోతే నేల గుంటపడుతుంది. వాడి పనితనమంతా ఆ ఊపులోనే ఉంది. ఇప్పుడు వాడు ఊగడం లేదు. మొండితనం కాదు. కరెంటు పట్టేసింది.

ఆవిడ పరిగెత్తింది. తడి మొదలయ్యే చోటికి వచ్చి, కాలు ఎత్తి, ఆగింది.

ఒళ్ళంతా ముందుకే లాగుతోంది. ఇంకో పదిహేను అడుగులు వేస్తే వాడి భుజం అందుతుంది. తొమ్మిదేళ్ళ కిందట నడుం పట్టుకుని ఆపిన ఆ ఇద్దరూ ఇప్పుడు ఇక్కడ లేరు. తనని తనే పట్టుకోవాలి. ఎత్తిన కాలు వెనక్కి, పొడినేల మీద పెట్టింది. ఆవిడ జన్మలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైన పని అదే.

కేబులు ఎక్కడిదో కళ్ళతో వెతికింది. మిషను దగ్గర్నుంచి బురదలోకి. బురదలో ఒకచోట నల్లటేపు చుట్టిన లావుపాటి అతుకు, సగం మునిగి ఉంది. అక్కణ్ణుంచి స్తంభాల పక్కగా, ఇటు పొడి వైపుకి, వాలుదారి దగ్గర స్తంభానికి కొట్టిన బోర్డు దాకా. ఆవిడ బోర్డు దగ్గరికి పరిగెత్తింది. ప్లగ్గు పట్టుకుని పీకేస్తే చాలు.

ప్లగ్గు లేదు. రెండు వైరు కొసలు ఒలిచి, బోర్డు రంధ్రాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దిగగొట్టి ఉన్నాయి. బోర్డుకి స్విచ్చు కూడా లేదు. పట్టుకుని లాగడానికి తల లేని కేబులు అది. తల నరికింది తనే.

ఎదురుగోడకి స్లాబుకి వాడిన సెంట్రింగు చెక్కలు ఆనించి ఉన్నాయి. వాటిలో పొడిగా ఉన్నదొకటి కుడిచేత్తో లాగి నేల మీద పడేసి, దాని మీదకెక్కి నిలబడింది. ఇంకో సన్నటి చెక్కపట్టీ అందుకుంది. రెండు చేతులు కావలసిన పని. ఎడమ పిడికిలి విచ్చుకోదు. ఒంటిచేత్తోనే ఎత్తి కొట్టింది. దెబ్బ స్తంభానికి తగిలింది. మళ్ళీ కొట్టింది. కేబులు ఊగింది గాని కొసలు రాలేదు. పనిమంతుడు మరి, అగ్గిపుల్లలు కూడా గట్టిగా దిగగొట్టాడు. “రా... రావే...” అని పళ్ళు కొరుకుతూ, పట్టీ కొసని కేబులు కిందకి దూర్చి, ఒళ్ళంతా బరువు పెట్టి పైకెత్తింది.

టప్‌మని నీలం మెరుపు. కొసలు రెండూ ఊడి నేల మీద పడ్డాయి. ఆవిడ పట్టీతో వాటిని ఇంకా అవతలికి, పొడిలోకి నెట్టేసింది.

మిషను రొద సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. అల్లుడు నిలుచున్నవాడు నిలుచున్నట్టే వెనక్కి విరుచుకు పడ్డాడు. స్టోరక్క ఎడమ పిడికిలి విచ్చుకుంది.

అప్పుడు లైట్లన్నీ ఆరిపోయాయి. అర్జంటుగారు మెయిన్ దాకా చేరాడన్నమాట.

వాలుదారిలోంచి వచ్చే వెలుగులోనే ఆవిడ బురదలోకి పరిగెత్తింది. వాడి తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఆవిడ వేలే వణుకుతుంటే ఊపిరి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చెవి గుండెకి ఆనించింది. కొట్టుకుంటోంది, తప్పటడుగులు వేస్తున్నట్టు. “ఒరే నాయనా, పలకరా, ఒక్కసారి పలకరా” అని చెంపలు తట్టింది. అల్లుణ్ణి అరే ఒరే అనడం మర్యాద కాదని ఆవిడకి ఆ క్షణాన తట్టలేదు.

కాసేపటికి వాడు కళ్ళు తెరిచాడు. లేవబోతూ చేతికందిన ఆసరా పట్టుకున్నాడు. అది ఆవిడ ఎడమచెయ్యి, మోచేతి కింద, సరిగ్గా మచ్చ ఉన్న చోట.

“పిలిచావు కదూ అత్తయ్యా” అన్నాడు. గొంతు పూడుకుపోయి ఉంది.

“వినబడిందా?”

“రెండుసార్లూ వినబడింది. పలుకుదామనే... దవడ కదల్లేదు. వెళ్ళిపోతున్నావనుకున్నాను.”

స్టోరక్క బోరున ఏడ్చేసింది. భర్త పోయినప్పుడు కూడా ఆవిడ అంత గట్టిగా ఏడవలేదు. వెనక్కి తిరిగి వేసిన ఆ ఒక్క అడుగు సంగతి మాత్రం ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా.

ఆసుపత్రిలో అల్లుణ్ణి రెండు రోజులు ఉంచి, గుండెకి యంత్రాలు పెట్టి చూసి, అరచేతుల కాలినగాయాలకి కట్లు కట్టి పంపించారు. ఇంటికొచ్చిన పూట కూతురు ఇద్దరికీ ఎదురెదురుగా కంచాలు పెట్టి, “ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇవాళ్టి నుంచి పనిచెయ్యదు. ఏం కావాలన్నా మీరే అడుక్కోండి” అని కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళి అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

సైటులో ట్రిప్ స్విచ్చు మళ్ళీ దాని చోటికి వచ్చింది. అర్జంటుగారే దగ్గరుండి పెట్టించాడు. “పడిపోతే పడిపోనీ, ఎందుకు పడిందో చూసేదాకా ఎవరూ పైకెత్తకండి” అంటున్నాడు. స్టోరక్క కూడా ఒక పద్ధతి మార్చుకుంది. పనికిరాని కేబులుకి ప్లగ్గు ఒక్కటీ నరికి ఊరుకోవడం లేదు. మూరెడు మూరెడు ముక్కలు చేస్తోంది. అది కూడా నలుగురి ముందూ కాదు, షెడ్డు వెనక, ఎవరి కేబులో వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, దెబ్బ ఎక్కడుందో చూపించి మరీ.

కానీ ఆవిడ చెయ్యి ఖాళీగా ఉంది. మొదటి రెండు రోజులూ అందరూ సంతోషించారు. “ఇవాళ కూడా అందరి జాతకాలూ బ్రహ్మాండం” అన్నాడు టైల్సు పెద్దాయన. మూడోనాడు కట్టరు కేబులు పిడికిట్లోంచి లాగుతుంటే గరుకు తగిలింది. చూస్తే తొడుగు చీలి ఉంది. చేతి మీద గీత లేదు. ఆవిడ ఎడమచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. నున్నగా, పెళ్ళికి ముందు ఎలా ఉండేదో అలా ఉంది. ఆ గీతలు ఆయన పోయిన తర్వాత వచ్చినవి. ఆయన మళ్ళీ ఇంకోసారి వెళ్ళిపోయినట్టనిపించి, ఆ రోజు టిఫిన్ డబ్బా తెరవలేదు.

ఇంట్లో అల్లుడు కట్లు విప్పేశాక కూడా పొడుగు చేతుల నీలం చొక్కా వదలడం లేదు. “ఈ ఉక్కపోతలో అదేం పిచ్చి?” అని కూతురు అడిగితే చలి అన్నాడు.

తొమ్మిదోనాటి పొద్దున్న షెడ్డు ముందు ఎప్పటిలాగే వరస. వరసలో చిట్టచివర అల్లుడు. అందరూ జరిగి దారి ఇచ్చారు. వాడు బల్ల దగ్గరికొచ్చి, “అత్తయ్యా, ఆ కత్తెర ఇలా ఇవ్వు” అన్నాడు.

ఆవిడ ఇచ్చింది. వాడు కుడిచేత్తో కత్తెర పట్టుకుని, ఎడమ భుజం దగ్గర మొదలుపెట్టి, వంకరటింకరగా నీలం చొక్కా చెయ్యి కత్తిరించుకున్నాడు. అది బల్ల మీద పడింది. మణికట్టు మీద చిన్న ఎర్రచుక్క.

“డ్రిల్లు నాలుగో నంబరుది అనుకుంటాను. దెబ్బ ప్లగ్గు లోపల ఉన్నట్టుంది, చేత్తో లాగితే దొరికేది కాదు. అందుకే వచ్చాను” అన్నాడు తలొంచుకుని. “ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ పడుతున్నాయి. నిన్నటిదాకా వచ్చినవన్నీ నువ్వు చేత్తోనే పట్టేశావు, నేను చెప్పాల్సిన పని పడలేదు. నీదేదో నేను లాగేసుకున్నట్టుంటుందని దాచిపెట్టాను.”

స్టోరక్క కళ్ళజోడు సర్దుకుంది. నాలుగో నంబరు డ్రిల్లు తీసుకుని ప్లగ్గు మరలు విప్పింది. లోపల ఎర్తు వైరు ఊడిపోయి ఊరికే ఒక మూల పడి ఉంది. ఆవిడ దాన్ని సరిగ్గా బిగించి, మూత పెట్టి, మరలు తిప్పింది. వాడి మణికట్టు మీద చుక్క చూస్తుండగానే పలచబడింది.

టైల్సు పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, “సరే, ఇకమీదట జాతకాలు ఈ కౌంటర్లో అన్నమాట” అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు.

“నొప్పి పెడుతుందా?” అంది స్టోరక్క, వాడికి మాత్రమే వినబడేలా.

“కొంచెం చురుక్కుమంటుంది.”

“అలవాటైపోతుంది. అలవాటైపోయిందని మాత్రం ఎప్పుడూ అనుకోకు.”

బల్ల మీద పడ్డ నీలం చెయ్యి ఆవిడ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సాయంత్రం కూతురు దాన్ని తండ్రి బూడిదరంగు చొక్కాకి ఎడమ వైపు కుట్టింది. మర్నాడు ఆవిడ ఒక చెయ్యి బూడిదరంగు, ఒక చెయ్యి నీలం వేసుకుని గేట్లోకి వస్తే కాపలావాడు నోరు నొక్కుకున్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. ఎడమచేతికి కూడా మణికట్టు దాకా గుండీ పెట్టుకుంది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ చేతికి ఎండ తగలకపోవడం ఆవిడకి కొత్తగా, హాయిగా ఉంది.

షెడ్డులో రెండో స్టూలు పడింది. అల్లుడు పాలిష్ పనికి దిగే ముందు అరగంట అక్కడ కూర్చుని, చెయ్యి చాపి చూపించాడు.

“ఇవాళ ఖాళీ అత్తయ్యా. ఒక్క గీత కూడా లేదు. అందరికీ మిషన్లు ఇచ్చేసెయ్.”

స్టోరక్క మొదటి చుట్ట విప్పి, ప్లగ్గు వైపు కొస తను పట్టుకుని, రెండో కొస వాడి ఒళ్ళో పడేసింది.

“లేకపోతే ఏం? నువ్వటునుంచి లాగు” అంది.